టెస్టింగ్ ఎందుకు చేస్తున్నామో ముందు తేల్చుకోండి: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ప్రయోజనాలపై సమగ్ర మార్గదర్శి

"టెస్టింగ్ దేనికి?" అని ఏ సాఫ్ట్‌వేర్ టీమునైనా అడగండి. "బగ్స్ పట్టుకోవడానికి" అనే జవాబు వెంటనే వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క జవాబుతోనే పని మొదలుపెట్టిన చోట తరచూ జరిగేది ఇది: వందలకొద్దీ టెస్ట్ కేసులు పోగవుతాయి, అన్నీ పాసవుతాయి, తీరా రిలీజ్ ముందురోజు "దీన్ని జనంలోకి వదలొచ్చా?" అని ఎవరైనా అడిగితే ఎవరూ నోరు విప్పరు. టెస్టులకు కొదవలేదు, అవి ఏం చెబుతున్నాయో మాత్రం తెలియదు.

ప్రతి టెస్టూ ఎవరో ఒకరి ప్రశ్నకు జవాబు ఇవ్వాలి. ఆ ప్రశ్న ఏదో, అడిగేది ఎవరో తెలిస్తే ఏ టెస్టు రాయాలో, ఎప్పుడు ఆపాలో, ఫలితాన్ని ఎలా చదవాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఈ మార్గదర్శిలోని అడుగులన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడ్డవే.

పొడవునా ఒకే ఉదాహరణ వాడుకుందాం. ఒక ప్రయాణ టికెట్ల యాప్‌లో "రద్దు" సౌకర్యం కొత్తగా పెడుతున్నారు. నియమం ఇలా రాసి ఉంది: బయలుదేరడానికి 48 గంటల కంటే ముందు రద్దు చేస్తే 75 శాతం వాపసు, 24 నుంచి 48 గంటల మధ్య అయితే 50 శాతం, 4 నుంచి 24 గంటల మధ్య అయితే 25 శాతం, 4 గంటల లోపు అయితే ఏమీ రాదు. చూడడానికి నాలుగు ముక్కల నియమం. దీన్ని టెస్టు చేయడానికి ఎంత ఆలోచన కావాలో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

## మొదటి అడుగు: ప్రయోజనాన్ని కాగితం మీద పెట్టండి

టెస్టింగ్‌తో మనం సాధించాలనుకునేవి చాలానే ఉన్నాయి. దాగి ఉన్న లోపాలను బయటికి లాగడం మొదటిది. అడిగింది అడిగినట్టు కట్టారా అని సరిచూడడం ఇంకొకటి, దీన్నే వెరిఫికేషన్ అంటారు. అసలు ఆ అడిగిందే వాడేవాళ్ల అవసరం తీరుస్తుందా అని చూడడం వేరే సంగతి, అది వాలిడేషన్. "ప్రోడక్ట్‌ను సరిగ్గా కడుతున్నామా?", "సరైన ప్రోడక్ట్‌నే కడుతున్నామా?" అంటూ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధకుడు బారీ బోయమ్ ఈ రెంటికీ చెప్పిన తేడాను టెస్టింగ్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఎక్కడో ఒకచోట వింటారు. నిన్న పనిచేసింది ఇవాళ్టి మార్పు వల్ల చెడలేదని తెలుసుకోవడం మరో ప్రయోజనం. రిలీజ్ చేయాలా వద్దా అనే నిర్ణయానికి నమ్మదగిన సమాచారం ఇవ్వడం ఇంకో ప్రయోజనం. వైద్య పరికరాలకు ఐఈసీ 62304, విమానాల సాఫ్ట్‌వేర్‌కు డీవో-178సీ లాంటి ప్రమాణాలు ఉన్న రంగాల్లో, ఫలానా విధంగా పరీక్షించామని ఆధారాలు చూపడం కూడా టెస్టింగ్ పనే. చివరగా, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, లోపం పుట్టకముందే ఆపడం.

ఇవన్నీ ఒకే దారిలో నడవవు, ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డం కూడా పడతాయి. లోపాలు వెతకడమే ప్రయోజనం అయితే, ఫెయిలయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న టెస్టే మంచి టెస్టు. పాతది చెడలేదని చూడడమే ప్రయోజనం అయితే, రోజూ నిలకడగా పాసవుతూ ఏదైనా చెడిన రోజునే ఫెయిలయ్యేది మంచి టెస్టు. ఒకే కొలతతో రెంటినీ కొలిస్తే టీము తికమకపడుతుంది. "ఈ నెల ఎన్ని బగ్స్ పట్టారు?" అని రిగ్రెషన్ టెస్టులు (పాతది చెడలేదని చూసేవి) రాసేవాళ్లను అడగడం వాళ్లకు అన్యాయం చేయడమే.

టెస్టింగ్ చేయలేనిదేమిటో కూడా ఈ అడుగులోనే ఒప్పుకోవాలి. టెస్టింగ్ బగ్స్ ఉన్నాయని చూపగలదు గానీ లేవని చూపలేదని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1969లో రోమ్‌లో జరిగిన నాటో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సమావేశంలో అన్నాడు. ఇందులో వేదాంతమేమీ లేదు, ఒట్టి లెక్క. రెండు 32 బిట్ల పూర్ణసంఖ్యలను తీసుకునే ఒక చిన్న ఫంక్షన్‌కు ఇవ్వగల జతలు 2 ఘాతం 64. సెకనుకు వంద కోట్ల జతల చొప్పున ఆపకుండా పరీక్షించినా 580 ఏళ్లకు పైగా పడుతుంది. కాబట్టి ఎవరు చేసినా, ఎంత చేసినా టెస్టింగ్ అంటే ఎంపికే. ఆ ఎంపికకు దారి చూపేది ప్రయోజనం.

పని మొదలుపెట్టేముందు మూడు వాక్యాలు రాయండి: ఏం తెలుసుకోవాలి, ఎవరికి తెలియాలి, ఎప్పటికి తెలియాలి. మన ఉదాహరణలో అది ఇలా ఉండొచ్చు: "ప్రయాణికుడికి రావాల్సిన దానికంటే ఒక్క పైసా తక్కువగానీ ఎక్కువగానీ వెళ్లే సందర్భాలు ఉన్నాయా అన్నది ప్రోడక్ట్ ఓనర్‌కు (ప్రోడక్ట్‌లో ఏముండాలో తేల్చే మనిషికి) రిలీజ్‌కు రెండు రోజుల ముందు తెలియాలి. పాత బుకింగ్ పనులు ఈ మార్పుతో చెడలేదని డెవలపర్లకు ప్రతి మార్పు తర్వాతా తెలియాలి." ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి, ఇద్దరు వేర్వేరు మనుషులున్నారు. అంటే రెండు రకాల టెస్టులు కావాలన్నమాట.

## రెండో అడుగు: కోడ్ పుట్టకముందే రిక్వైర్‌మెంట్‌ను టెస్టు చేయండి

రిక్వైర్‌మెంట్ అంటే ఏం కట్టాలో చెప్పే రాత, మన ఉదాహరణలో పై నియమం. దాన్ని మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదవండి. సరిగ్గా 48 గంటలు ఉంటే ఎంత? "48 గంటల కంటే ముందు" అన్నారు కాబట్టి 75 శాతం రాదనుకోవాలా? సరిగ్గా 24 గంటలు ఉంటే 50 శాతమా, 25 శాతమా? రాసిన దాని ప్రకారం రెండూ సరైనవే.

ఇంకా అడగండి. బయలుదేరే సమయం అంటే టికెట్ మీద ఉన్నదా, ఆలస్యమయ్యాక మారినదా? సమయం ఎవరి గడియారం ప్రకారం: ఫోన్‌దా, సర్వర్‌దా, బయలుదేరే ఊరిదా? ఐదుగురికి కలిపి కొన్న టికెట్‌లో ఇద్దరివే రద్దు చేయొచ్చా? తగ్గింపు కూపన్‌తో కొంటే శాతం లెక్కించేది అసలు ధర మీదా, కట్టిన మొత్తం మీదా? 333లో 25 శాతం 83.25, దీన్ని ఎటు సవరించాలి? రద్దు అయిపోయి డబ్బు వెనక్కి పంపే దశలో బ్యాంకు కనెక్షన్ తెగిపోతే టికెట్ పరిస్థితి ఏమిటి?

ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ కంప్యూటర్ అక్కర్లేదు. అయినా ప్రతి ప్రశ్న వెనకా ఒక బగ్ పొంచి ఉంది. ఇప్పుడు అడిగితే ఒక వాక్యం మారుతుంది. రిలీజ్ తర్వాత బయటపడితే కోడ్ మారాలి, టెస్టులు మారాలి, అప్పటికే తప్పుగా వెళ్లిన డబ్బు లెక్కలన్నీ తిరగదోడాలి. డెవలపర్, టెస్టర్, ప్రోడక్ట్ ఓనర్ ముగ్గురూ కూర్చుని అంకెలతో ఉదాహరణలు రాసుకోవడం ఇందుకు మంచి పద్ధతి. "బయలుదేరేది 10:00కు, రద్దు చేసింది ముందురోజు 10:00కు, వాపసు 50 శాతం" అని ఒక్క ఉదాహరణ రాస్తే, పేజీ నిండా రాసిన వర్ణన తీర్చలేని సందేహం తీరుతుంది. ఆ ఉదాహరణలే తర్వాత టెస్ట్ కేసులుగా పనికొస్తాయి.

మన ఉదాహరణలో హద్దు మీద ఉన్న క్షణం ప్రయాణికుడికి అనుకూలంగా లెక్కించాలని తేలిందనుకుందాం.

## మూడో అడుగు: ఎక్కడ ఎక్కువ సమయం పెట్టాలో రిస్క్‌ను బట్టి తేల్చండి

అన్నీ సమానంగా టెస్టు చేయాలనుకోవడం న్యాయంగా అనిపిస్తుంది, కానీ అది సమయాన్ని వృథా చేస్తుంది. ప్రతి భాగానికీ రెండు అంకెలు ఇవ్వండి: చెడే అవకాశం ఎంత, చెడితే నష్టం ఎంత. 1 నుంచి 5 దాకా చాలు. రెంటినీ గుణించి పెద్దవి పైన పెట్టండి. వాపసు లెక్కకు అవకాశం 4, నష్టం 5 అయితే 20. రద్దు పేజీలో బటన్ రంగుకు అవకాశం 2, నష్టం 1 అయితే 2. ఈ అంకెలు కచ్చితమైన కొలతలని ఎవరూ అనుకోకూడదు, అవి చర్చ మొదలుపెట్టడానికే. ఎక్కడ చెడుతుందో డెవలపర్‌కు బాగా తెలుసు. చెడితే ఎవరికి ఎంత దెబ్బో కస్టమర్ సపోర్ట్‌లో ఫోన్లు ఎత్తేవాళ్లకు బాగా తెలుసు. ఇద్దర్నీ పిలవండి.

రిస్క్ అంచనాలో జనం తరచూ మరిచిపోయేది, చుట్టూ ఉన్న రక్షణ పోయినప్పుడు పాత కోడ్ కూడా కొత్త ప్రమాదమే అవుతుందని. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం వల్ల 1985 నుంచి 1987 మధ్య ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు మించిన రేడియేషన్ తగిలింది, కొందరు చనిపోయారు. అంతకుముందు మోడల్‌లో ప్రమాదాన్ని అడ్డుకునే హార్డ్‌వేర్ తాళాలు ఉండేవి. కొత్తదానిలో వాటిని తీసేసి ఆ బాధ్యతను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. అలవాటుపడి చకచకా టైప్ చేసే ఆపరేటర్ ఒక తప్పును సరిదిద్దుకుని కొద్ది సెకన్లలోనే ముందుకు వెళ్లినప్పుడు, యంత్రం లోపల ఒక స్థితి, తెర మీద ఇంకొక స్థితి ఉండిపోయేవి. నెమ్మదిగా, మాన్యువల్‌లో రాసిన వరసలో పనిచేసేవాళ్లకు ఆ లోపం ఎదురయ్యేది కాదు. మన "రద్దు" పేజీ ప్రాణాలు తీయదు. అయినా "అనుభవం ఉన్న మనిషి దీన్ని ఎంత వేగంగా వాడతాడు?" అనే ప్రశ్న మనకూ వర్తిస్తుంది.

## నాలుగో అడుగు: టెస్టులను డిజైన్ చేయండి

ఈ పనిలో అసలు నైపుణ్యమంతా ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం.

ముందు ఇన్‌పుట్‌లను గుంపులు చేయండి. ఒక గుంపులోని ఏ విలువ ఇచ్చినా ప్రోగ్రాం ఒకేలా ప్రవర్తిస్తుందని నమ్మకముంటే, ఆ గుంపు నుంచి ఒకటి రెండు విలువలు చాలు. వాపసుకు నాలుగు గుంపులు పైకి కనిపిస్తున్నాయి. కనిపించనివి కూడా ఉన్నాయి: అప్పటికే బయలుదేరిపోయిన ప్రయాణం, అప్పటికే రద్దయిన టికెట్, డబ్బు ఇంకా పూర్తిగా చేరని బుకింగ్.

తర్వాత హద్దులు చూడండి. గుంపు మధ్యలో కంటే అంచుల దగ్గరే తప్పులు ఎక్కువ, ఎందుకంటే "కంటే ఎక్కువ" రాయాల్సిన చోట "ఎక్కువ లేదా సమానం" రాయడం చాలా తేలిక. సిస్టమ్ సమయాన్ని సెకన్లలో లెక్కిస్తే ఈ ఆరు టెస్టులు తప్పనిసరి:

| మిగిలిన సమయం | రావాల్సిన వాపసు |
|---|---|
| 48:00:00 | 75 శాతం |
| 47:59:59 | 50 శాతం |
| 24:00:00 | 50 శాతం |
| 23:59:59 | 25 శాతం |
| 4:00:00 | 25 శాతం |
| 3:59:59 | ఏమీ లేదు |

ఇవి రిక్వైర్‌మెంట్‌లో కనిపించే హద్దులు. ఎవరూ రాయని హద్దులు కూడా ఉంటాయి, అవే ఎక్కువ ప్రమాదం. గడియారాలను ఏడాదికి రెండుసార్లు ముందుకూ వెనక్కూ జరిపే దేశాల్లో, ముందురోజు 10:00 నుంచి మర్నాడు 10:00 దాకా ఉండేవి ఒకరోజు 23 గంటలు, మరోరోజు 25 గంటలు. 1900, 2100 లీపు సంవత్సరాలు కావు, 2000 మాత్రం లీపు సంవత్సరమే. సమయాన్ని 32 బిట్లలో సెకన్లుగా దాచే పాత పద్ధతి 2147483647 దగ్గర నిండిపోతుంది, అది వచ్చేది 2038 జనవరి 19న.

రాయని హద్దు ఎంత పని చేస్తుందో 1996 జూన్ 4న ప్రపంచమంతా చూసింది. ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం మొదలైన సుమారు 40 సెకన్లకే గాల్లో ముక్కలైంది. ఒక 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణసంఖ్యలోకి మార్చబోతే అది పట్టలేదు. 16 బిట్లలో పట్టే అతిపెద్ద విలువ 32767. ఆ కోడ్ ఏరియాన్ 4లో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది, ఆ రాకెట్ దారిలో విలువ అంత పెద్దదయ్యేది కాదు. కొత్త రాకెట్ దారి వేరు. ఆ దారి లెక్కలతో ఆ పరికరాన్ని ముందుగా పరీక్షించి ఉంటే నేలమీదే తెలిసేది. పాత కోడ్‌ను కొత్త చోటికి తెచ్చినప్పుడు "ఇది అక్కడ బాగానే పనిచేసింది" అన్న మాటను టెస్టు ఫలితంగా లెక్కేయకండి.

మూడోది, స్థితుల బొమ్మ గీయండి. టికెట్ బుక్ అవుతుంది, నిర్ధారణ అవుతుంది, రద్దు అవుతుంది, వాపసు పెండింగ్‌లో ఉంటుంది, వాపసు పూర్తవుతుంది. ఒక్కో స్థితి నుంచి ఎక్కడికి వెళ్లొచ్చో బాణాలు గీయండి. ఇప్పుడు బాణాలు లేని చోట్లనే టెస్టు చేయండి. వాపసు పూర్తయిన టికెట్‌ను మళ్లీ రద్దు చేస్తే? ఒకే టికెట్‌ను ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెరిచి, రెండు చోట్లా ఒకే క్షణంలో "రద్దు" నొక్కితే వాపసు రెండుసార్లు వెళ్తుందా? డబ్బు తిరిగే సాఫ్ట్‌వేర్‌లో నేను ముందు అడిగే ప్రశ్న ఇదే.

నాలుగు సమయ గుంపులు, మూడు చెల్లింపు పద్ధతులు, మూడు టికెట్ తరగతులు, కూపన్ ఉండడం లేకపోవడం కలిపితే 72 కలయికలు. అన్నీ చేయడం కుదరకపోతే, ఏ రెండు అంశాల విలువలైనా కనీసం ఒక్కసారి కలిసి వచ్చేలా ఎంచుకునే జతల పద్ధతితో అవి 12 చుట్టుపక్కలకు దిగుతాయి. ఇందుకు ఉచిత సాధనాలున్నాయి, చేత్తో చేయాల్సిన అవసరం లేదు.

ఇన్‌పుట్ అంటే అంకెలే కాదు. 2018 ఫిబ్రవరిలో మన లిపిలోని జ్ఞా అక్షరం ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను కూల్చేసింది. ఆ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వచ్చినప్పుడు తెర మీద గీయాల్సిన కోడ్ తట్టుకోలేకపోయింది. ఆపిల్ వెంటనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. పేర్లు తీసుకునే ప్రతి గడిలోనూ ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఉన్న తెలుగు పేరు, కుడి నుంచి ఎడమకు రాసే లిపిలో పేరు, ఒకే అక్షరం పేరు, మరీ పొడుగు పేరు తప్పకుండా పెట్టి చూడండి.

చివరగా, చాలామంది దాటేసే ప్రశ్న: సరైన జవాబు ఇదేనని మీకెలా తెలుసు? కోడ్‌లో ఉన్న సూత్రాన్నే టెస్టులోకి కాపీ చేసి పోల్చితే, సూత్రం తప్పయినా టెస్టు పాసవుతుంది. అందుకే ఫలితాన్ని చేత్తో లెక్కగట్టి పెట్టండి, లేదా ఎప్పటికీ నిజం కావాల్సిన లక్షణాలను పరీక్షించండి. వాపసు ఎప్పుడూ కట్టిన మొత్తాన్ని మించకూడదు. బయలుదేరే సమయం దగ్గరపడేకొద్దీ వాపసు శాతం పెరగకూడదు. ఐదుగురి టికెట్లను విడివిడిగా రద్దు చేసినా, ఒకేసారి రద్దు చేసినా, సవరింపు తేడా మినహా మొత్తం ఒకటే కావాలి. ఇలాంటి లక్షణం ఒకటి రాస్తే, వేల యాదృచ్ఛిక విలువలతో యంత్రమే రాత్రంతా పరీక్షిస్తుంది.

## ఐదో అడుగు: ఏ ప్రశ్న ఏ స్థాయిలో అడగాలో చూడండి

హద్దుల లెక్క యూనిట్ టెస్టుల్లో, అంటే కోడ్‌లోని ఒక చిన్న ముక్కను విడిగా చూసే టెస్టుల్లో, పట్టుబడాలి. అక్కడ ఒక్కో టెస్టు మిల్లీసెకన్లలో అయిపోతుంది కాబట్టి ఎన్నయినా పెట్టొచ్చు. అదే ఆరు హద్దులను యాప్ తెర మీద బటన్లు నొక్కుతూ పరీక్షించడం శ్రమ దండగ. వాపసు సేవ, బ్యాంకు సేవ ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకుంటున్నాయా అన్నది ఇంటిగ్రేషన్ ప్రశ్న. మొత్తం కలిసి పనిచేస్తోందా అన్నది సిస్టమ్ ప్రశ్న. వాడేవాళ్లు దీంతో తమ పని చేసుకోగలుగుతున్నారా అన్నది యాక్సెప్టెన్స్ ప్రశ్న.

వీటిలో ఇంటిగ్రేషన్‌నే ఎక్కువగా తక్కువ చేసి చూస్తారు. నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక 1999 సెప్టెంబర్ 23న కుజుడి దగ్గర పోయింది. ఒక పక్క సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలు ఇచ్చింది, అందుకున్న పక్క అవి న్యూటన్ సెకన్లు అనుకుంది. రెండు వైపులా ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. మన ఉదాహరణలో వాపసు సేవ రూపాయల్లో పంపుతుంటే, బ్యాంకు సేవ పైసల్లో అందుకుంటోందేమో చూసే టెస్టు ఒక్కటైనా ఉందా?

## ఆరో అడుగు: వేగం, భద్రత, ఓర్పు కూడా అడగండి

"యాప్ వేగంగా ఉండాలి" అనే వాక్యాన్ని టెస్టు చేయలేం. "ఒకేసారి 500 మంది రద్దు చేస్తున్నప్పుడు 95 శాతం అభ్యర్థనలకు 2 సెకన్లలోపు జవాబు రావాలి" అంటే చేయగలం. సగటు చూసి తృప్తిపడకండి. సగటు బాగుండి, వందలో ఐదుగురు అరనిమిషం ఎదురుచూస్తూ ఉండొచ్చు. భద్రత విషయంలో కనీసం ఇది చూడండి: ఇంకొకరి టికెట్ నంబర్ పెట్టి వాళ్ల ప్రయాణాన్ని రద్దు చేయగలుగుతున్నామా? చూపులేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో రద్దు పూర్తి చేయగలరా అన్నది కూడా ఈ జాబితాలో ఉండాల్సిందే.

ఎక్కువ సేపు నడిపి చూడడం మరిచిపోవద్దు. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర ఒక పేట్రియట్ క్షిపణి వ్యవస్థ వస్తున్న స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయింది, 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ సుమారు 100 గంటలుగా ఆపకుండా నడుస్తోంది. సెకనులో పదో వంతును బైనరీలో పూర్తిగా రాయలేకపోవడం వల్ల పుట్టిన అణువంత తేడా అన్ని గంటల్లో పేరుకుని మూడో వంతు సెకను అయింది. కొన్ని గంటల పరీక్షలో ఆ తేడా లెక్కలోకి వచ్చేంత పెరగదు.

## ఏడో అడుగు: స్క్రిప్ట్ వదిలి వెతకండి

ముందే రాసుకున్న టెస్టులు మీరు ముందే ఊహించినవాటినే చూస్తాయి. ఊహించని వాటి కోసం గంట, గంటన్నర కేటాయించి, ఒక చిన్న లక్ష్యంతో సాఫ్ట్‌వేర్‌లో తిరగాలి. "నెట్ వచ్చిపోతూ ఉన్నప్పుడు రద్దు ఎలా ప్రవర్తిస్తుందో వెతుకుతాను" అనేది మంచి లక్ష్యం. "యాప్ అంతా చూస్తాను" అనేది కాదు. ఏం చేశారో, ఏం గమనించారో, ఏ అనుమానాలు మిగిలాయో రాసుకుంటూ వెళ్లండి. ఒక వింత కనిపిస్తే దాని వెంట పడండి, వింతలు ఒంటరిగా ఉండడం అరుదు. దీన్ని చిత్తం వచ్చినట్టు నొక్కడంగా చూసేవాళ్లున్నారు. బాగా చేసే టెస్టర్‌ను పక్కన కూర్చుని ఒక గంట గమనిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

## ఎనిమిదో అడుగు: దొరికిన బగ్‌ను అర్థమయ్యేలా చెప్పండి

"రద్దు పనిచేయడం లేదు" అనే రిపోర్టు వల్ల డెవలపర్‌కు మిగిలేది ఒక ఫోన్ కాల్ చేయాల్సిన పని మాత్రమే. మంచి రిపోర్టు ఇలా ఉంటుంది:

శీర్షిక: రెండు పరికరాల్లో ఒకేసారి రద్దు చేస్తే వాపసు రెండుసార్లు వెళ్తోంది.
చేసినవి: నిర్ధారణ అయిన టికెట్‌ను ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ తెరిచాను. ఒక సెకను లోపు రెంటిలోనూ "రద్దు" నొక్కాను.
జరగాల్సింది: ఒక్క వాపసే వెళ్లాలి, రెండోచోట "ఇప్పటికే రద్దయింది" అని కనిపించాలి.
జరిగింది: వాపసు రెండుసార్లు నమోదైంది.
ఎంత తరచుగా: పదిసార్లలో ఆరుసార్లు.
ప్రభావం: ప్రతి సందర్భంలోనూ రావాల్సిన దానికంటే ఎక్కువ డబ్బు వెనక్కి వెళ్లే అవకాశం ఉంది.

ఆ చివరి వరసే ఆ బగ్ ఈ వారం సరిదిద్దుతారా, వచ్చే ఏడాదికి నెడతారా అన్నది తేలుస్తుంది. తప్పు ఎవరిదన్న ప్రస్తావన ఎక్కడా ఉండకూడదు.

## తొమ్మిదో అడుగు: పాతది చెడకుండా కాపు పెట్టండి, ఆ కాపును కూడా పరీక్షించండి

రిస్క్ ఎక్కువున్న, తరచూ నడపాల్సిన టెస్టులను ఆటోమేట్ చేయండి. బగ్ సరిదిద్దిన ప్రతిసారీ, దిద్దకముందు ఫెయిలై, దిద్దాక పాసయ్యే టెస్టు ఒకటి చేర్చండి. రోజులో ఒకసారి పాసై, మరోసారి ఏ కారణమూ లేకుండా ఫెయిలయ్యే టెస్టును వెంటనే పక్కన పెట్టి కారణం వెతకండి. దాన్ని అలాగే వదిలేస్తే, ఫెయిలైన టెస్టును చూపే ఎర్ర రంగును జనం పట్టించుకోవడం మానేస్తారు. అదే రోజు నిజమైన లోపం కూడా జారిపోతుంది.

కవరేజ్ అంకెను, అంటే టెస్టులు నడిపినప్పుడు కోడ్‌లో ఎంత భాగం నడిచిందో చెప్పే అంకెను, జాగ్రత్తగా చదవాలి. 100 శాతం కవరేజ్ అంటే ప్రతి లైనూ నడిచిందని మాత్రమే. ఫలితాన్ని ఎవరైనా సరిచూశారా అన్నది ఆ అంకె చెప్పదు. తక్కువ కవరేజ్ ఎక్కడ చూడలేదో నిజాయితీగా చెబుతుంది, ఎక్కువ కవరేజ్ మాత్రం బాగా చూశారని హామీ ఇవ్వదు. మీ టెస్టులు నిజంగా కాపు కాస్తున్నాయో లేదో తెలియాలంటే మ్యుటేషన్ టెస్టింగ్ చేయండి: కోడ్‌లో "ఎక్కువ లేదా సమానం" ఉన్న చోట కావాలని "ఎక్కువ" పెట్టి టెస్టులు నడపండి. ఒక్కటీ ఫెయిలవ్వకపోతే, 48:00:00 హద్దును ఎవరూ చూడడం లేదని తేలినట్టే.

ఒకే టెస్టుల సమూహం ఏళ్ల తరబడి నడిపితే అది కొత్త బగ్స్ పట్టడం తగ్గిపోతుంది. పురుగులు మందుకు అలవాటుపడినట్టే అంటూ టెస్టింగ్ మీద పుస్తకాలు రాసిన బోరిస్ బైజర్ దీన్ని పెస్టిసైడ్ పారడాక్స్ అన్నాడు. అప్పుడప్పుడూ డేటా మార్చండి, దారి మార్చండి, ఇక దేనికీ జవాబు చెప్పని టెస్టులను తీసేయండి.

## పదో అడుగు: నిర్ణయం తీసుకునేవాళ్ల చేతికి సమాచారం ఇవ్వండి

"412 టెస్టులు, 409 పాస్" అనే రిపోర్టు చదివిన మనిషికి ఏ నిర్ణయం తీసుకోవాలో తెలియదు. ఆ మూడు ఫెయిలైనవి బటన్ రంగు గురించా, వాపసు గురించా? మొదటి అడుగులో రాసుకున్న ప్రశ్నల దగ్గరికి వెళ్లి ఒక్కోదానికీ జవాబు రాయండి: వాపసు లెక్క అన్ని హద్దుల దగ్గరా సరిగ్గా ఉంది. రెండు పరికరాల సమస్య సరిదిద్దారు, మళ్లీ పరీక్షించాం. గడియారం జరిపే రోజున పరీక్షించలేదు, ఆ దేశాల్లో సేవ ఉంటే ఇది రిస్క్. నెట్ పోయినప్పుడు వచ్చే సందేశం అర్థంకాకుండా ఉంది, డబ్బుకు ప్రమాదం లేదు. పరీక్షించనివాటిని రాయడం అన్నిటికంటే ముఖ్యం. వదలాలా వద్దా అన్నది వ్యాపార నిర్ణయం. టెస్టర్ బాధ్యత ఆ నిర్ణయం కళ్లు తెరిచి జరిగేలా చూడడం.

వదిలే పద్ధతిని కూడా టెస్టు చేయాలి. 2012 ఆగస్ట్ 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల ట్రేడింగ్ సంస్థ కొత్త ట్రేడింగ్ కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఒకదానిలో పెట్టలేదు. ఆ సర్వర్‌లో ఎప్పుడో వాడడం మానేసిన పాత కోడ్ మేలుకుంది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూల్చింది. 21 విలువలు కావాలనే చోట కోడ్ 20 మాత్రమే అందిస్తోంది. ఆ 21వ విలువను నిజంగా వాడుకునే సందర్భాన్ని ముందు చేసిన పరీక్షలు తాకలేదు. పైగా అప్‌డేట్ అందరికీ ఒకేసారి వెళ్లింది. అందుకే "రద్దు"ను ముందు నూటికి ఒకరికి ఇవ్వండి, ఒకరోజు అంకెలు చూడండి, తర్వాత పెంచండి. వెనక్కి తీసుకునే బటన్‌ను రిలీజ్‌కు ముందే ఒకసారి నొక్కి చూడండి.

రిలీజ్ తర్వాత వాడేవాళ్ల దగ్గర దొరికిన ప్రతి బగ్‌కూ ఒక ప్రశ్న అడగండి: ఇది ఏ అడుగులో పట్టుబడాల్సింది? రిక్వైర్‌మెంట్ చదివినప్పుడు అడగని ప్రశ్న అయితే, ఆ ప్రశ్నను రెండో అడుగు జాబితాలో చేర్చండి. హద్దు అయితే పట్టికలో, రెండు సేవల మధ్య అయితే ఇంటిగ్రేషన్ టెస్టుల్లో, రిస్క్ తక్కువని వదిలేసినది అయితే అంకెల్లో మార్పు చేయండి. ఆ జాబితాను తర్వాతి రిలీజ్ పని మొదలయ్యే రోజున మొదటి అడుగులో రాసే మూడు వాక్యాల పక్కన పెట్టుకోండి.